వాకిలి సంతలో ఇత్తడి గంట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటా వానలు మొదలయ్యే ముందు వాకిలి సంత జరిగేది. సంత అంటే అందరూ ఒకచోట చేరడం కాదు. ఎవరి వాకిట్లో వాళ్ళు తమకి అక్కర్లేని సామాన్లు పరుచుకుని కూర్చుంటారు. కావలసినవాళ్ళు వాకిలి వాకిలీ తిరిగి చూసుకుంటారు. ధర ఎవరూ చెప్పరు. తీసుకునేవాళ్ళే, "ఇదిగో, దీనికి ఈ పళ్ళు ఇస్తాను" అంటారు. ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే తల అడ్డంగా ఊపుతారు. అంతే.

జంతువులకి సామాన్లెక్కడివి అని అడగబోతున్నారు కదూ? చెబుతాను, ఆగండి. పూర్వం ఆ అడవి మధ్యనుంచి బళ్ళదారి ఉండేది. బళ్ళమీద వెళ్ళే మనుషులు జారవిడుచుకున్న గరిటెలూ, గిన్నెలూ, పెట్టెలూ తరతరాలుగా జంతువుల బొరియల్లో ఉండిపోయాయి. వాటిలో ఏది ఎంత పాతదో, ఎంత విలువైనదో ఉన్నవాళ్ళకే తెలియదు.

తెలిసింది ఒక్క పైడమ్మకే. పైడమ్మ ఒక ముంగిస. సంతరోజు వచ్చిందంటే చాలు, అందరికంటే ముందు బయలుదేరేది. ఏ వస్తువునైనా వాసన చూసి, గోటితో గీకి, ఒకసారి తట్టి విని, ఇది మంచిది, ఇది ఉత్తది అని ఇట్టే చెప్పేసేది. దాని బొరియ నిండా పాత సామాన్లే. "ఇంకా ఎన్ని పోగేస్తావే?" అని అందరూ ఎగతాళి చేసేవారు. పైడమ్మ నవ్వి ఊరుకునేది.

నిజానికి దానికి కావలసింది ఒక్కటే. చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఒక ఇత్తడి గంట ఉండేది. గంట పిడిమీద ఒక చిలక. ఆ చిలక ముక్కు కొంచెం వంకర. పొద్దు వాలగానే పైడమ్మ తల్లి ఆ గంట కదిపేది. ఎంత దూరాన ఆడుకుంటున్నా పైడమ్మ పరుగున ఇంటికొచ్చి తల్లి పొట్టకింద దూరేది. ఒక ఏడు ఏరు పొంగింది. బొరియ పోయింది, తల్లి పోయింది, గంటా పోయింది.

అప్పటినుంచీ పైడమ్మకి సాయంత్రమంటేనే దిగులు. ఆ వేళకి అడవిలో అందరినీ ఎవరో ఒకరు ఇంటికి పిలుస్తారు. పైడమ్మని పిలిచేవాళ్ళు లేరు. అందుకే ఆ గంటకోసం ప్రతి వాకిలీ వెతికేది. గంట దొరికినంత మాత్రాన అమ్మ దొరకదని దానికీ తెలుసు. తెలిస్తే మాత్రం, మనసు ఊరుకుంటుందా?

వెతకడం తప్పు కాదు పిల్లలూ. కానీ తిరగగా తిరగగా పైడమ్మకి ఒక పాడు అలవాటు పట్టుకుంది. నచ్చిన వస్తువు కనబడితే నచ్చిందని చెప్పదు. దానికి లేనిపోని వంకలు పెడుతుంది. మూతి ముడుచుకుని, అక్కర్లేదన్నట్టు లేచి నడుస్తుంది. అవతలివాళ్ళు కంగారుపడి వెనక్కి పిలుస్తారు. అప్పుడు చవగ్గా పట్టుకుపోతుంది. అదంతా తన తెలివి అనుకునేది.

ఆ ఏడు సంతలో మొదట కుందేలు వాకిటికి వెళ్ళింది. అక్కడొక రాగి గరిటె ఉంది. కాడమీద సన్నటి తీగల నగిషీ. చూడగానే పైడమ్మ కళ్ళు మెరిశాయి. మాట మాత్రం వేరే వచ్చింది.

"ఏంటి పిన్నీ, ఈ గరిటె ఇంత చిలుము పట్టిపోయింది? కాడ కూడా వంగింది. దీన్నెవరు తీసుకుంటారు?"

"మా అత్తగారి నాటిదమ్మా" అంది కుందేలు.

"అందుకే ఇలా అఘోరించింది" అని పైడమ్మ లేచింది.

"ఆగమ్మా, ఆగు! నీకు తోచిందిచ్చి పట్టుకెళ్ళు" అంది కుందేలు.

గుప్పెడు ఈతపళ్ళకి గరిటె వచ్చేసింది. కుందేలు చెవులు వేలాడేసుకుని లోపలికి పోయింది. పైడమ్మ అటు చూడనేలేదు.

తరువాత ముళ్ళపంది వాకిలి. అక్కడొక ఇత్తడి తమలపాకుల పెట్టె ఉంది. అంత పాతది పైడమ్మ ఎప్పుడూ చూడలేదు.

"ఏం మామా, మూత బిగుసుకుపోయిన పెట్టెని కూడా సంతలో పెడతారా?" అంది.

"కొంచెం నూనె రాస్తే వచ్చేస్తుందే" అన్నాడు ముళ్ళపంది.

"అడుగున సొట్టలు కూడానా! వద్దులే మామా."

ముళ్ళపందికి ఉక్రోషం వచ్చింది. "ఊరికే పట్టుకుపో! ఇక దాన్ని నా కళ్ళముందు ఉంచకు" అన్నాడు. పైడమ్మ పెట్టె చంకనబెట్టుకుని హుషారుగా బయటపడింది.

ఇక చివరి వాకిలి. అది లోయ అంచున ఉంటుంది. అక్కడ అప్పాయమ్మ అనే ముసలి అలుగు ఒంటరిగా ఉండేది. అలుగంటే తెలుసుగా, ఒళ్ళంతా పెంకులుండే జంతువు. మహా మొహమాటస్తురాలు. దాని వాకిట్లో మోదుగాకు పరిచి ఉంది. ఆకుమీద ఒకే ఒక్క వస్తువు ఉంది.

ఇత్తడి గంట. పిడిమీద చిలక. చిలక ముక్కు వంకర.

పైడమ్మ చూడగానే గుర్తుపట్టింది. అమ్మ గంట! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అవ్వా, ఇది మా అమ్మది" అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అంతలోనే భయం వేసింది. ఇంతగా కావాలని తెలిస్తే అవ్వ ఇవ్వనంటుందేమో! నేనిచ్చేది చాలదని తల అడ్డంగా ఊపుతుందేమో! పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. మూతి ముడుచుకుంది.

"ఏమ్మా, బాగుందా గంట? పొద్దున్నే చింతపండు పెట్టి తోమాను" అంది అవ్వ ఆశగా.

"ఏం బాగవ్వా! చిలక ముక్కు చూడు, ఎలా వంకరపోయిందో."

"వంకరైనా ముద్దుగా లేదూ?"

"ముద్దేంటి, నీ మొహం! చెత్తలో పారేసే గంట ఇది. దీన్ని వాకిట్లో పెట్టుకుని కూర్చుంటే నలుగురూ నవ్వుతారు" అంది పైడమ్మ.

అవ్వ ముఖం చిన్నబోయింది. అలుగులకి సిగ్గేస్తే తల పొట్టలో దూర్చుకుని ఉండలా చుట్టుకుపోతాయి. అవ్వ అలాగే ముడుచుకుపోయింది. పైడమ్మ లేచి నడిచింది. మెల్లిమెల్లిగా అడుగులు వేసింది. ఇప్పుడు పిలుస్తుంది, ఇదిగో ఇప్పుడు పిలుస్తుంది అని చెవులు రిక్కించుకుని నడిచింది. అవ్వ పిలవలేదు. పైడమ్మ పొదల దాకా వెళ్ళి నిలబడింది.

అప్పుడు గంట మోగింది.

ఒకసారి, మళ్ళీ ఒకసారి, ఆ తరువాత గబగబా. పైడమ్మ నవ్వేసింది. "అవ్వ పిలుస్తోంది! గంట మోగించి మరీ పిలుస్తోంది!" అనుకుంది. గరిటెనీ, పెట్టెనీ అక్కడే పడేసి, చిన్నప్పటిలాగే ఒక్క పరుగు తీసింది.

వచ్చి చూస్తే ఆకు ఖాళీగా ఉంది. అవ్వ లోయ అంచున నిలబడి కిందికి చూస్తోంది.

"అవ్వా, గంటేదీ?"

"లోయలోకి దొర్లించేశానమ్మా. నువ్వు చెప్పకపోతే ఇంకా ఎంతమంది చేత నవ్వించుకునేదాన్నో. రాళ్ళకి తగులుతూ పోయింది, విన్నావా?"

పైడమ్మ కిందికి తొంగిచూసింది. జలపాతం హోరున దూకుతోంది. దాని కింద మడుగు. ఆ మడుగు లోతు ఎవరికీ తెలియదు. అందులో పడ్డది ఏదీ పైకి రాలేదు.

"అది మా అమ్మ గంట అవ్వా" అని పైడమ్మ కూలబడిపోయింది. వెక్కివెక్కి ఏడుస్తూ సంగతంతా చెప్పింది.

అవ్వ దగ్గరికొచ్చి పైడమ్మ వీపు నిమిరింది. "ఏరు పొంగిన ఏడు ఇసుకలో దొరికిందమ్మా. ఇన్నాళ్ళూ దాన్నే తోడనుకుని బతికాను. ముసలిదాన్నయ్యాను కదా, నా తరువాత అనాథ అయిపోతుందని బెంగ. ఎవరైనా ఇష్టపడి, నాకు కావాలి అంటే ఉత్తినే ఇచ్చేద్దామని పెట్టాను. బాగుందని ఒక్క మాట అని ఉంటే, నా చేత్తో నీ మెడలో కట్టి పంపేదాన్ని కదే తల్లీ!"

పొద్దు వాలింది. ఎవరి పిల్లల్ని వాళ్ళు పిలుచుకుంటున్నారు. పైడమ్మ లోయ అంచున వంగి, "బాగుంది! చాలా బాగుంది! అది నాకు కావాలి!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ మాట మడుగు దాకా చేరకముందే నీళ్ళ హోరులో కలిసిపోయింది.

నీతి: మనసుకి నచ్చినదాన్ని నచ్చిందని చెప్పాలి. చవగ్గా దక్కించుకోవాలని దాని విలువ తగ్గించి మాట్లాడితే, చివరికి అది ఎవరికీ దక్కదు.