పండుగప్పల మడుగు

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల మధ్య ఒక ఉప్పునీటి పాయ ఉండేది. ఆ పాయను నమ్ముకుని సూరీడమ్మ అనే గూడబాతు బతికేది. ఆ ఏడు పాయలో చేప బాగా పలచబడింది. చలికాలానికి గుడ్లు పొదగాలి, పొదిగితే పిల్లలకి ఏం పెట్టాలి అన్నదే ఆమె దిగులు.

అప్పుడు గవర్రాజు అనే నక్క జంతువులన్నిటినీ గట్టు మీదికి పిలిచాడు. ఇలా పట్టుకుంటూ పోతే పాయ ఖాళీ అయిపోతుందని, పక్క మడుగుకి గట్టు కట్టి పండుగప్ప చేపల్ని పెంచుకుంటే పాయ కోలుకుంటుందని చెప్పాడు. అందులో తప్పేమీ కనబడలేదు ఎవరికీ. మేత మోసే పని మాత్రం సూరీడమ్మదే అన్నాడు. ముక్కు కింద అంత సంచి ఉన్నది ఆమెకే కదా.

"మేత ఏంటో?" అని అడిగింది పోలమ్మ అనే ముసలి పీత.

"పాయలో చిల్లర చేప ఉంది కదా పిన్నీ. ఎవరికీ పనికిరానిది."

"అది చిల్లర కాదురా, పెద్ద చేపల పిల్లలు. గుడ్డు పెట్టే వయసు రాకుండానే వాటిని ఎత్తుకుపోతే, వచ్చే ఏడు గుడ్డు పెట్టేదెవరు?"

పీతమ్మ తిన్నగా నడిచిన రోజున ఆమె మాట విందాం అన్నాడు గవర్రాజు. అందరూ నవ్వారు. సూరీడమ్మా నవ్వింది.

ఆ రోజు నుంచీ ఆమె మోస్తూనే ఉంది. నాలుగు సంచులు పోస్తే పండుగప్పల ఒంటికి ఒక సంచి కూడా పట్టడం లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. నక్కకి తెలియదా అనుకుని ఊరుకుంది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళింది. సముద్రపు పోటు తగ్గినప్పుడల్లా గవర్రాజు గట్టు తెంపి ఆ నల్లనీళ్ళు పాయలోకి వదిలేవాడు. మడ వేళ్ళ మధ్య తిరిగే రొయ్యలు ముందు పోయాయి.

మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున, కిక్కిరిసిన మడుగులో గాలి చాలక పండుగప్పలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. అప్పటికే మంచివన్నీ ఏరుకు తిని గవర్రాజు ఒళ్ళు చేశాడు.

సూరీడమ్మ పాయకి వెళ్ళి సాయంత్రం దాకా ముక్కు ముంచింది. ప్రతిసారీ బురదే వచ్చింది. గూట్లో అప్పటికే గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు రెండు. మూడో రోజుకి చిన్నది మెడ ఎత్తడం మానేసింది.

ఆమె నక్క దగ్గరికి వెళ్ళి, "పాయ కోలుకుంటుందన్నావు" అంది.

"కోలుకునేదే వదినా. నువ్వు పిల్లచేపని కూడా మిగల్చకుండా ఊడ్చుకొచ్చావు మరి."

మోసింది తన నోటితోనే.

గవర్రాజు దక్షిణపు పాయకి మకాం మార్చాడని వారానికి తెలిసింది. అప్పటికి పెద్ద పిల్లా పోయింది. సూరీడమ్మ ఓపిక కూడగట్టుకుని అక్కడికి ఎగిరింది. సంచి నిండా పిల్లచేపతో ఒక పడుచు గూడబాతు ఎదురైంది. సూరీడమ్మ తమ మడుగు సంగతంతా ఆమెకి దాచకుండా చెప్పింది.

ఆ పడుచుది మర్యాదగానే విన్నది.

"గవర్రాజు బావగారు ముందే చెప్పారండి. పాయని ఊడ్చేసినావిడ ఒకరు వచ్చి ఇలాగే అంటారని" అని అక్కడి కొత్త మడుగు వైపు సాగిపోయింది.

ఏ చేపనైనా పెంచే ముందు, దాని మేత ఎవరి పిల్లల నోటి దగ్గర నుంచి వస్తోందో అడగాలి.