ఆవులింతకు శిక్ష

కాకులు గొడుగులు పట్టుకు తిరిగిన వేసవి అది, నా కళ్లతో చూశాను. మా హైస్కూలు హెడ్మాస్టరు విరూపాక్షంగారు రోజూ ప్రార్థన కాగానే ఉపన్యాసం మొదలెట్టేవారు. ఆయన వసారా నీడలో, పిల్లలు ఎండలో. ముగించేసరికి ఆరో తరగతి వాళ్లకి మీసాలొచ్చేవి. ఒకరోజు ఒక చిన్నపిల్ల సొమ్మసిల్లి పడిపోయినా ఆయన ఆపలేదు.

ఆ పిల్ల అక్క నాంచారి తొమ్మిదో తరగతి. మర్నాడు ఉపన్యాసం మధ్యలో పొరుగూరికి వినబడేలా ఆవులించింది.

"ఏమే, నిన్నేం చెయ్యమంటావు?" అని గర్జించారాయన.

"ఇంకో గంట ఎండలో నిలబెట్టండి సార్. మీ పక్కన, అందరికీ కనబడేలా మాత్రం వద్దు. సిగ్గుతో చస్తాను."

"అయితే ఇక్కడే నిలబడు!"

నాంచారి తల వంచుకుని వసారా ఎక్కి, నీడలో హాయిగా నిలబడింది. అది చూసి ఆమె చెల్లెలు ఆవులించింది. తర్వాత బడంతా ఆవులించింది.

"అందరూ ఎక్కండి, సిగ్గులేనివాళ్లారా!"

అందరూ ఎక్కాక వసారాలో ఆయనకే చోటు లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడాలని ఎండలోకి దిగారు. ఆ బట్టతల మీద అప్పడాలు కాల్చుకోవచ్చు.

"ప్రియమైన విద్యార్థులారా," అని మొదలెట్టి, నెత్తి తడుముకుని, "క్లాసులకు పొండి" అన్నారు.