చెవిన పడటం, చెవిన పెట్టడం

స్వామికో దండం పెట్టుకుని కాస్త దగ్గరగా జరగండి తల్లులూ, గాడిద కథ చెబుతాను.

కళ్ళం పక్క పాకలో గాడిద గవరయ్య ఉండేవాడు. చాటంత చెవులు. "ఊరవతల చీమ తుమ్మినా నాకు వినపడుద్ది" అని ఒకటే గొప్ప. అది నమ్మి కోడి సింగారమ్మ, "అన్నయ్యా, పిల్లలు జాగ్రత్త. నక్క తిరుగుతోందట" అని అప్పగించి మేతకెళ్ళింది.

అంతలో బడి చిలక చూరు మీద వాలింది. కిటికీలో కూర్చుని ఇంగ్లీషు ముక్కలు ఏరుకొచ్చే రకం అది.

"మామా, పంతులమ్మ ఇవాళ రెండు మాటలు చెప్పింది. హియర్, లిజన్."

"రెండూ వినడమేగా! ఒక్క పనికి రెండు పేర్లా? తెల్లోళ్ళకి పనిలేక!"

"కాదట. చెవిన పడితే హియర్, చెవిన పెడితే లిజన్."

"పోవే! ఇంతలేసి చెవులకి ఆ తేడాలేంటి?"

చిలక నవ్వుకుంటూ ఎగిరిపోయింది.

గడ్డివాము వెనక నుంచి "కొక్ కొక్" మని పిలుపు. గవరయ్య చెవులు నిక్కాయి.

"పిల్లలూ, అమ్మకి గింజలు దొరికినట్టున్నాయి. పరిగెత్తండి!"

పిల్లలు మెడలు పక్కకి వాల్చి వింటూ నిలబడ్డాయే గాని కదల్లేదు.

"అమ్మ కాదు మామా."

"నా చెవులకే వంకా?"

"అమ్మ ముందు కాళ్ళతో నేల బరబరా గీకుద్ది. గింజ కనపడ్డాకే పిలుస్తుంది. నువ్వూ విను."

గవరయ్య ఊపిరి బిగబట్టి విన్నాడు. పిలుపుంది, గీకుడు లేదు. పైగా పిలుపు పిలుపుకీ మధ్య గుటకేస్తున్న చప్పుడు! నక్కే! 'రామరామ! సింగారమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పేవాణ్ణి?'

అయినా గొంతులో తేనె పోసుకుని అరిచాడు. "సింగారమ్మా, పిల్లల్ని నేనే తెస్తున్నా. వాముకి ఆనుకుని కూర్చోమ్మా!"

వాము వారగా వెనక్కి వెనక్కి నడిచివెళ్ళి, వెనక కాళ్ళు రెండూ ఎత్తి ఒక్కటిచ్చాడు. "కొక్" మంటున్న నక్క "కుయ్యో" మని, ముందు పళ్ళు అక్కడే వదిలేసి పొదల్లోకి పరుగో పరుగు.

"పిట్ట కొంచెం కూత ఘనం. మీరర్రా నాకు పంతుళ్ళు!" అని గవరయ్య పిల్లల ముందు తల వంచితే, అవి ఎంచక్కా ఆ తలెక్కి కూర్చున్నాయి.

చెవులు ఎంత పెద్దవైనా, వాటి వెనక మనసు లేకపోతే అవి ఉత్త చాటలే.