నాడికి అందని కాలునొప్పి

మాధవగిరి రాజ్యంలో ఆస్థాన వైద్యుడు రుద్రభట్టు హస్తవాసి మంచిదే. రోగి మాట వినే ఓపికే ఆయనకు లేదు. పొద్దున్నే ఆయన అరుగు ముందు జనం బారులు తీరేవారు. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "నువ్వు చెప్పేదేమిటి? అంతా నాడే చెబుతుంది" అని కసిరి, చెయ్యి పట్టుకుని చూసి, చూర్ణం పొట్లం ఇచ్చి పంపేసేవాడు.

ఒకరోజు గాజులమ్మే సూరమ్మ వంతు వచ్చింది. "అయ్యా, అసలు సంగతి..." అనబోయింది.

"అంతా నాడే చెబుతుంది. నోరు మూసుకుని చెయ్యి చాపు!"

సూరమ్మ చాపింది. వైద్యుడు కళ్లు మూసుకుని నాడి పట్టుకుని, "పైత్యం ముదిరింది. ఈ చూర్ణం తేనెలో రంగరించి పుచ్చుకో" అన్నాడు.

సూరమ్మ పొట్లం కళ్లకద్దుకుంది. "మహా ప్రసాదం బాబూ. నేనిది మింగితే మా ఆయన కాలి వాపు ఎన్నాళ్లకు తీస్తుందండీ?"

"మీ ఆయన కాలేమిటి?"

"జబ్బు ఆయనకండీ. అడుగు తీసి అడుగు వెయ్యలేక ఇంట్లో పడున్నాడు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను."

జనం గొల్లుమన్నారు. వైద్యుడి ముఖం కందగడ్డలా అయింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ?"

"అంతా నాడే చెబుతుందన్నారు కదండీ. ఇంటిదాని నాడి కదా, ఇంటాయన కాలు సంగతి కూడా చెబుతుందేమోనని మిమ్మల్ని నమ్మి ఊరుకున్నాను."

రుద్రభట్టు పొట్లం వెనక్కి తీసుకుని, తనే పీట వాల్చాడు. "కూర్చో తల్లీ. మొదటినుంచీ చెప్పు" అన్నాడు.

ఆ కబురు వీధిలో పాకగానే, అప్పటికే పొట్లాలు తీసుకుని వెళ్లినవాళ్లంతా గబగబా తిరిగొచ్చి, మళ్లీ వరసలో నిలబడ్డారు.