ఎర్రకోటు కాసిన మలుపు

అనగనగా ఒక అడవి. మనుషులు దారులు వేయకముందటి అడవి కాదు. దారులు వేసి, ఆ దారుల్లో లారీలు తిప్పి, ఆ లారీల్లోంచి సామాను జారవిడిచిన తర్వాతి అడవి.

అలా జారిన ఒక పెద్ద పెట్టెలో బొమ్మ కార్లు ఉన్నాయి. ఆడుకుని మూల పడేసే బొమ్మలు కావు. రిమోట్‌తో నడిచేవి, పందెం కోసమే చేసినవి. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ఒక్కో చక్రానికి ఒక్కో స్ప్రింగు. కడుపులో మోటారు, దాని పక్కన బ్యాటరీ. విడి టైర్లు, విడి స్ప్రింగులు, నూనె సీసాలు, స్క్రూడ్రైవర్లు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. అడవిలో బ్యాటరీకి కరెంటు ఎక్కడిదని అడిగే పిల్లలు ఉంటారు. ఎండలో పెడితే కరెంటు పుట్టే పలక కూడా ఉంది. ఇక అడగకండి.

ఆ అడవికి రాజు మందరుడనే ముసలి ఏనుగు. చెవులు పెద్దవి, చూపు మందం. వేసవి వస్తే అడవి మొత్తానికి ఒక్కటే మడుగు మిగిలేది. ముందు తాగినవాళ్ళకు నీళ్ళు, చివర తాగినవాళ్ళకు బురద. ఆ వంతు కోసం ఏటా నెత్తురు కారేది.

ఒక ఏడు మందరుడు అందరినీ పిలిచాడు.

"కొమ్మున్నవాడు కొమ్ముతో, కోరున్నవాడు కోరతో వంతు తెచ్చుకుంటే, ఏదీ లేనివాడు ఎండి చావాలి. ఇకమీదట ఈ బండ్లతో పందెం పెడతాను. గెలిచిన జాతికి మొదటి వంతు. రెండో బండికి రెండో వంతు. మిగిలినవాళ్ళు నేను చెప్పిన వరసలో తాగాలి."

అడవి మధ్య నున్నటి పరుపుబండ ఉంది. దాని మీద గులకరాళ్ళు పేర్చి బాట గీశారు. నడిపేవాళ్ళు పక్కనున్న పెద్ద గుండురాయి మీద నిలబడి రిమోట్లు పట్టుకోవాలి. కింద ఏం జరిగినా దిగి రాకూడదు. మరి బండి బోర్లాపడితే ఎవరు ఎత్తుతారు? దానికి మందరుడు ఒక నియమం పెట్టాడు. తన పరుగు ముగించినవాడు వెంటనే రిమోట్ కింద పెట్టి, తర్వాతి పరుగుకు మలుపు కాయాలి. పడ్డ బండి ఎవరిదైనా, దగ్గర్లో వేరే బండి వస్తుంటే దాన్ని దాటనిచ్చి, ఎత్తి నిలబెట్టాలి.

పోయిన వేసవిలో చిరుతలు గెలిచాయి. ముంగిసలకు చివరి వంతు వచ్చింది, అదీ పందులు పొర్లి వెళ్ళిన తర్వాత. ముంగిస పిల్లలు ఆ బురదనే నాకి జబ్బుపడ్డాయి. వాటిలో కపిల అనే తల్లి ముంగిస కన్న ఆఖరి పిల్ల వానలు చూడకుండానే చనిపోయింది.

ఈ ఏడు ముంగిసల బండిని కపిలే కట్టింది.

పందెం రోజు తెల్లవారింది. బండ్లను రెండు గుంపులు చేశారు. ఒక్కో గుంపుకు మూడు పరుగులు. మూడింటిలో ఎవరి మేలైన పరుగు వాళ్ళ లెక్క. గుంపుకు ఒక్క బండి చొప్పున చివరి పందేనికి వెళుతుంది.

మొదటి గుంపులో చిత్రకాయుడనే చిరుత, లంఘనుడనే కోతి ఉన్నారు. లంఘనుడికి ఎక్కడిదో ఒక ఎర్రకోటు ఉంది. ఎంత ఎండైనా అది విప్పడు. రెండో గుంపులో కపిల ఉంది.

మొదటి గుంపు పరుగు మొదలైంది. తొలి పరుగుకు ముందు పరిగెత్తినవాళ్ళు లేరు కాబట్టి రెండో గుంపువాళ్ళే మలుపులు కాశారు. కపిల మూడో మలుపు కాస్తోంది. లంఘనుడి బండి ఎర్ర పురుగులా దూసుకుపోయింది. దాని వెనకే వచ్చిన చిత్రకాయుడి బండి గులకరాయిని తన్ని బోర్లాపడింది. కపిల పరుగున వెళ్ళి, దాన్ని ఎత్తి, బాట వైపు తిప్పి, వెనక వచ్చే బండ్లకు అడ్డం రాకుండా వదిలింది.

పరుగయ్యాక చిత్రకాయుడు వచ్చాడు.

"పోయినేడు మా వాళ్ళు మీ వాళ్ళను నీళ్ళ దగ్గరకు రానివ్వలేదు. నువ్వు మెల్లగా ఎత్తుతావనుకున్నాను."

"మలుపు నా వంతు. ఎత్తడం నా పని. నీ మీద ప్రేమేం కాదు," అంది కపిల.

"అలా చెప్పు, బాగుంది," అని చిత్రకాయుడు తన మలుపు కాయడానికి వెళ్ళాడు.

ఇప్పుడు కపిల వంతు. బండి కుడి మలుపులు చక్కగా తిరిగింది. ఎడమ మలుపు రాగానే తోక విసిరేసి గిర్రున తిరిగిపోయింది. మళ్ళీ సరిచేసుకుని వెళితే మళ్ళీ ఎడమ మలుపులోనే తిరిగిపోయింది. కపిల బండి వెనకబడింది.

నీడకు వచ్చి కపిల బండిని ఒళ్ళో పెట్టుకుంది. వెనక స్ప్రింగులు మార్చింది. టైర్లు మార్చింది. స్ప్రింగుల లోపలి గొట్టాల్లో నూనె కూడా మార్చింది. మేనత్త పక్కన కూర్చుని చూస్తోంది.

"ఏమే, మూడూ ఒక్కసారే మార్చేశావు. కూరలో ఉప్పూ కారమూ చింతపండూ ఒకే చేత్తో పోసి, ఏది ఎక్కువైందో చెప్పమంటే ఎవరు చెబుతారే?"

"టైం లేదత్తా."

"తిన్నాక తెలుస్తుందిలే," అంది మేనత్త.

రెండోసారి మొదటి గుంపు పరిగెత్తింది. లంఘనుడిదే గెలుపు. కపిల తన మలుపులోనే నిలబడి, పడినవాటిని ఎత్తింది.

రెండో గుంపు పరుగుకు మలుపులు కాయవలసినవాళ్ళలో లంఘనుడూ ఉన్నాడు. అతనికది నచ్చలేదు. 'వాళ్ళ బండ్లు ఎత్తుతూ కూర్చుంటే నా బండి ఎవరు తుడుస్తారు?' అనుకున్నాడు. తనకు వచ్చిన మూడో మలుపులో, బండ పగులులో ఒక కర్ర పాతాడు. దానికి ఎర్రకోటు తొడిగాడు. గుండు మీదినుంచి చూసేవాళ్ళకు ఎర్రకోటు కనబడుతుంది. రాజుగారికి అదీ సరిగ్గా కనబడదు. లంఘనుడు చెట్టు నీడకు పోయి బండికి మెరుగు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

కపిల బండి బయలుదేరింది. పొద్దుటికన్నా అన్యాయంగా నడుస్తోంది. లంఘనుడి మలుపూ ఎడమదే. బండి తోక విసిరి, రాయిని కొట్టి, సరిగ్గా ఎర్రకోటు ముందు బోర్లాపడింది. చక్రాలు ఆకాశంలో తిరుగుతున్నాయి.

"లంఘనా, బండి ఎత్తు," అని కపిల గుండు మీదినుంచి అరిచింది.

ఎర్రకోటు కదలలేదు.

అవతలి మలుపులో ఉన్న చిత్రకాయుడు కాసేపు చూసి, నాలుగు గంతుల్లో వచ్చి బండి ఎత్తాడు. ఎత్తాక కోటును వాసన చూశాడు. లోపల కర్ర తప్ప ఎవరూ లేరు. అప్పటికి మిగిలిన బండ్లు గీత దాటేశాయి. కపిలది ఆఖరు.

ఇక ఒక్క పరుగు మిగిలింది. కపిల బండిని ముందు పెట్టుకుని కూర్చుంది. కొద్ది దూరంలో ముంగిస పిల్లలు నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. చిత్రకాయుడు వచ్చి ఎదురుగా బోర్లా పడుకున్నాడు.

"నీ బండిలో ఒక జబ్బుంది. చెప్పనా?"

"నాకెందుకు చెబుతావు? నేను ఓడిపోతే మీకు వరసలో ఒకళ్ళు తగ్గుతారు."

"పొద్దున నువ్వు ఎత్తావు. నేను బాకీ ఉండలేను. మలుపు కాసేటప్పుడు నేను గడ్డం నేలకు ఆనించి పడుకుంటాను. అప్పుడు కనబడింది. ఎడమకు తిరిగినప్పుడల్లా నీ బండి వెనక ఎడమ చక్రం నేలకు ఆనడం లేదు. గాలిలో ఉంటోంది. కుడికి తిరిగితే అన్నీ ఆనుతున్నాయి. గుండు మీదినుంచి చూస్తే నీకది కనబడదు."

కపిల లేచింది. బండిని తీసుకెళ్ళి పరుపుబండ మీద ఎక్కడ బాగా చదునుగా ఉందో అక్కడ పెట్టింది. స్క్రూడ్రైవర్ మొనను బండి వెనక సరిగ్గా నడుమన ఆనించి, మెల్లగా పైకెత్తింది. బండి సరిగా ఉంటే రెండు వెనక చక్రాలూ ఒక్కసారే లేవాలి. ఎడమది ముందు లేచింది. కుడిది తర్వాత లేచింది. ముందువైపు ఎత్తి చూసింది. అక్కడ కుడిది ముందు లేచింది.

"బండి అడుగుపలకే మెలి తిరిగింది," అంది కపిల.

"ఎలా తిరిగిందే?" అంది మేనత్త.

కపిలకు గుర్తొచ్చింది. నిన్న అడుగుపలక మీద పైపలకను స్క్రూలతో బిగించేటప్పుడు బండిని చెట్టు వేరు మీద పెట్టుకుంది. వేరు వంకర. ఆ వంకరలోనే బిగించేసింది. స్ప్రింగులదీ తప్పు కాదు, టైర్లదీ కాదు, నూనెదీ కాదు.

"నా చెయ్యే, అత్తా. నేనే వంకరలో బిగించాను."

పైపలక స్క్రూలన్నీ వదులు చేసింది. బండిని చదును మీద ఉంచి, అడుగుపలక తన దారిన తాను సర్దుకోనిచ్చింది. ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, మళ్ళీ ఈ మూల కొంచెం, అలా తొందరపడకుండా బిగించింది. స్ప్రింగులు, టైర్లు, నూనె పొద్దున ఉన్నవే మళ్ళీ వేసింది. ఎత్తి చూసింది. రెండు చక్రాలూ ఒక్కసారే లేచాయి.

ఈలోగా మొదటి గుంపుకు మూడోసారి పిలుపు వచ్చింది. లంఘనుడు రానన్నాడు.

"నా పరుగును మీరెవరూ అందుకోలేరు. ఊరికే టైర్లు అరగదీసుకోవడం దేనికి? మలుపు అంటారా, నా కోటు ఉందిగా," అని నీడలో పడుకున్నాడు.

కపిల తన మలుపుకు వెళ్ళింది. ఎండ నడినెత్తికి వచ్చింది. బండ కాలిపోతోంది. టైర్ల రబ్బరు మెత్తబడి రాతికి అంటుకుంటోంది. పొద్దున జారిన బండ్లు ఇప్పుడు జారడం లేదు. గట్టిగా పట్టుకుని, ఆ ఊపుకు పల్టీ కొడుతున్నాయి. చిత్రకాయుడిది రెండుసార్లు పల్టీ కొట్టింది. కపిల అరికాళ్ళు ఎత్తి దించుతూ, పరిగెత్తుతూ, ఒక్కోటీ నిలబెట్టింది. చిత్రకాయుడు ఆ పరుగులోనూ లంఘనుడి పొద్దుటి పరుగును అందుకోలేకపోయాడు. మొదటి గుంపు నుంచి కోతిబండే చివరి పందేనికి వెళ్ళింది.

తర్వాత కపిల పరుగు. ఎడమ మలుపు వచ్చింది. బండి తాడు కట్టి తిప్పినట్టు తిరిగింది. కుడి మలుపూ అంతే. రెండో గుంపులో కపిలే మొదటిది.

చివరి పందేనికి ఇద్దరే మిగిలారు, కోతి, ముంగిస. ఓడినవాళ్ళంతా మలుపులు కాస్తారు. ఎర్రకోటు ఉన్న మలుపుకు చిత్రకాయుడు వెళ్ళాడు. కర్ర పీకి కోటుతో సహా పక్కన పడుకోబెట్టాడు.

బయలుదేరేముందు కపిల బండిని చూసుకుంది. స్ప్రింగుల బిగువు నాలుగింటికీ సమంగా కాస్త తగ్గించి, బండి పొట్టను నేలకు దగ్గర చేసింది.

"ఇంకేమన్నా మారుస్తావా?" అంది మేనత్త.

"ఇదొక్కటే. నా అరికాళ్ళు చెప్పింది ఇదొక్కటే."

లంఘనుడు నవ్వాడు. "ఏం ముంగిసమ్మా, మీలాగే మీ బండి కూడా నేల మీద పాకుతుందా?"

"పాకితే పడదు," అంది కపిల.

మందరుడు తొండం ఎత్తి దించాడు. రెండు బండ్లూ కదిలాయి. లంఘనుడి బండి వేగం వేగమే. మొదటి మలుపు దాటేసరికి అది ముందుంది. రెండో మలుపుకు మరీ ముందుంది. ముంగిస పిల్లలు రొప్పడం కూడా మానేసి చూస్తున్నాయి.

మూడో మలుపు వచ్చింది. లంఘనుడు పొద్దున తిప్పినట్టే తిప్పాడు. కానీ బండ పొద్దుటి బండ కాదు. టైర్లు రాతిని కరుచుకున్నాయి, బండి ఎత్తుగా ఉంది, గాలిలో ఒక పల్టీ కొట్టి చిత్రకాయుడి కాళ్ళ ముందు బోర్లాపడింది.

"ఎత్తు, ఎత్తు," అని లంఘనుడు గుండు మీద ఎగిరాడు.

"వెనక బండి వస్తోంది. అది దాటనీ. ఈ నియమం నీకెప్పుడైనా తెలిస్తేగా," అన్నాడు చిత్రకాయుడు.

కపిల బండి నేలను అంటుకున్నట్టు వచ్చి, మలుపు తిరిగి, వెళ్ళిపోయింది. అది దాటిన మరుక్షణం చిత్రకాయుడు కోతిబండిని ఎత్తి నిలబెట్టాడు. లంఘనుడు తరుముకొచ్చాడు. చివరికంటా తరుముకొచ్చాడు. ముంగిసబండి అప్పటికే గీత దాటింది.

లంఘనుడు రాజు దగ్గరకు పరిగెత్తాడు. "ప్రభూ, ఈ చిరుత కావాలని ఆలస్యం చేశాడు."

మందరుడు కపిలను అడిగాడు. "గెలిచినదానివి, నువ్వు చెప్పు."

"ఆలస్యం చేయలేదు రాజా. నా బండి దాటగానే ఎత్తాడు. నేనున్నా అంతే చేసేదాన్ని. లంఘనుడి బండి నా బండికన్నా వేగం. అది పడకపోతే నేను గెలిచేదాన్ని కాదు. అదీ నిజమే."

"మరి ఎందుకు పడింది?"

"మధ్యాహ్నం బండ ఎలా మారిందో అతనికి తెలియదు. తెలియాలంటే దాని మీద నిలబడాలి."

చిత్రకాయుడు కర్రను, దానికి వేలాడే ఎర్రకోటును తెచ్చి రాజు ముందు పెట్టాడు. "నిలబడింది ఇది ప్రభూ."

మందరుడు తొండంతో కోటును తడిమాడు. చేతులు తడిమాడు, బొత్తాలు తడిమాడు.

"మొదటి వంతు ముంగిసలది. రెండో వంతు రెండో బండిదే. మాట తప్పను. అయితే లంఘనా, నీ తరఫున మలుపు కాసింది ఈ కోటు. కాబట్టి ఈ ఒక్క రోజు నీ వంతు నీళ్ళు కూడా ఇదే తాగుతుంది. రేపటి నుంచి నువ్వు తాగు."

ఆ సాయంత్రం ముంగిసలు మడుగుకు వెళ్ళాయి. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. కపిల పిల్లలు ముందు తమ ముఖాలు చూసుకున్నాయి. తర్వాత తాగాయి. కడుపులు ఉబ్బేదాకా తాగాయి.

తర్వాత కర్రను గట్టున పాతారు. ఎర్రకోటు మడుగు వైపు చేతులు చాచి నిలబడింది. దాని వంతు ముగిసేదాకా అడవి అంతా ఊరుకుంది. నాలుక పిడచకట్టిన లంఘనుడు కూడా ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏ ఏడూ అతను మలుపు విడిచి వెళ్ళలేదని చెబుతారు. ఎండలో కోటు కూడా వేసుకోలేదట.

పిల్లలూ, తోటివాడి పరుగుకు నిలబడి కాపు కాసినవాడికే, తన పరుగులోని లోపాన్ని చూపించే కళ్ళు దొరుకుతాయి.