మంద కుక్కకు ఒక చెవి ఎందుకు వాలింది

ఒకప్పుడు గొర్రెలు కాసే కుక్కలకు రెండు చెవులూ కిందికే వేలాడేవి. తోడేళ్ళకు రెండూ నిక్కపొడుచుకుని ఉండేవి. చెవులు చూసే ఏది కుక్కో, ఏది తోడేలో చెప్పేవాళ్ళు.

ఆ రోజుల్లో ఐలవ్వ అనే గొర్రెల కాపరి ఇంట్లో ఒక కుక్కపిల్ల పుట్టింది. తల్లి మంద కుక్క. తండ్రి గుట్ట మీది తోడేలు. పిల్ల పేరు గండు. వాడి చెవులు రెండూ తండ్రి చెవుల్లాగే నిలబడ్డాయి.

ఐలవ్వకు భయం వేసింది. "వీడిది తోడేలు నెత్తురు. గొర్రెల దగ్గరికి రానివ్వను" అని దొడ్లో గుంజకు కట్టేసింది.

గండు పెరిగాడు. కాళ్ళు సాగాయి. తాడు మాత్రం సాగలేదు. రోజూ మంద గుట్టవైపు మేతకు వెళ్ళిపోయేది, వాడు గుంజ చుట్టూ తిరిగేవాడు. కోపంతో నేలంతా తవ్వాడు. ఐలవ్వ గొంగడి పీలికలు చేశాడు.

"చూశావా నీ బుద్ధి?" అంది ఐలవ్వ.

"పరిగెత్తే కాళ్ళున్నవాణ్ణి కట్టేస్తే ఒళ్ళు మండదా? నాకు పని చెప్పు" అన్నాడు గండు.

"తిండి పెడుతున్నా కదా. నోరు మూసుకుని పడుండు."

ఆ మాటకు వాడికి ఇంకా మండింది. తాడు కొరకడం మొదలుపెట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం తాడు తెగింది. గండు గుట్టవైపు దౌడు తీశాడు. అక్కడ తండ్రి తోడేలు మంద మీద పడబోతోంది. గొర్రెలు బెదిరి తలో దిక్కుకూ పరిగెడుతున్నాయి.

"రారా కొడుకా. నిన్ను కట్టేసినదాని మంద ఇది. ఇద్దరం తిందాం" అంది తోడేలు.

"ఆమె మీది కోపం ఆమెతోనే తేల్చుకుంటా. గొర్రెలేం చేశాయి?" అంటూ గండు మంద చుట్టూ తిరిగి వాటిని ఒక్కచోటికి తోలాడు.

మంద వెనకే పరిగెత్తుకొస్తున్న ఐలవ్వకు నిలబడ్డ చెవులే కనిపించాయి. వీడూ మంద మీద పడ్డాడనుకుని చేతికర్ర విసిరింది. అది గండు ఎడమ చెవికి తగిలింది. చెవి వాలిపోయింది. వాడు ఆగలేదు. తోడేలుకు ఎదురెళ్ళి పళ్ళు బయటపెట్టాడు. తోడేలు వెనక్కి వెనక్కి నడిచి గుట్టెక్కి పోయింది.

అప్పుడు గానీ ఐలవ్వకు అర్థం కాలేదు. "తప్పయింది బిడ్డా. రా, పసుపు అద్దుతా" అంది.

"దగ్గరికి రాకు" అని గుర్రుమన్నాడు గండు. "రేపటినుంచి నేనూ మందతో వస్తా. పొద్దంతా పరిగెడతా. మళ్ళీ కట్టేస్తే మాత్రం ఊరుకోను."

"కట్టను. మరి ఆ చెవి?"

"ఇక లేపను. చూసినప్పుడల్లా నీకు సిగ్గు వేయాలి."

ఐలవ్వ తల దించుకుంది.

అప్పటినుంచే, తోడేలు నెత్తురు కలిసిన మంద కుక్కలకు ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటోంది. పని చెప్పకుండా కట్టేస్తే ఈనాటికీ అవి మనవైపు కోపంగానే చూస్తాయి.