వీరేశం ఇంట్లో కరెంటు

రాజలింగం గురువుకు కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే కండువా భుజాన వేసుకుని, "పద" అంటూ లేచేవాడు. అడిగినవాడు చెప్పులు వెతుక్కునేలోగా ఆయన వీధి చివర ఉండేవాడు. జవాబు దొరికినా దొరకకపోయినా కాళ్ల నొప్పులు మాత్రం ఖాయమని శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్లు.

ఆ రోజు అడిగినవాడు వీరేశం. కరీంనగర్‌లో కంప్యూటర్ల పని చేస్తాడు. గురువు బోధలనూ, ఆయన సభల్లో పాడినవాళ్ల తత్త్వాలనూ ఏళ్ల తరబడి రికార్డు చేసి, తన ఇంట్లోనే ఒక సర్వర్ పెట్టి అందులో దాచాడు. ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా ఫోన్ తెరిస్తే చాలు, వీరేశం ఇంటి నుంచి ఆ పాట వాళ్ల చెవిన పడుతుంది. ఆ మిషన్‌కు పూజగది పక్కనే చోటిచ్చాడు. దసరాకు బొట్టు పెట్టి దండ వేస్తే బంతిపూల రేకులు లోపలి ఫ్యానులో పడి, పాపం, అది పండగంతా మూలిగింది. అయినా వీరేశానికి దాని మీద ప్రేమ తగ్గలేదు. తోటి శిష్యులకే ఓపిక తగ్గింది. కరెంటు పోయినప్పుడల్లా పాట ఆగిపోతోందనీ, హైదరాబాద్‌లో ఏదైనా డేటా సెంటర్‌లో పెడితే ఆ బాధ ఉండదనీ పోరు పెట్టారు.

"గురువుగారూ, మీ మాట నా ఇంట్ల ఉంటెనే నాకు తృప్తి. అక్కడ వేల మిషన్లల్ల అదొకటైతది, ఎవలదో ఎవలకూ తెల్వది. ఇంట్ల ఉంచాల్నా, అక్కడికి పంపాల్నా?" అన్నాడు వీరేశం. నిజానికి ఉంచమనే మాట కోసమే వచ్చాడు. ప్రశ్న మర్యాదకు అడిగాడు.

గురువు కండువా అందుకున్నాడు.

ఇద్దరూ ఎండలో పక్క ఊరి దారి పట్టారు. మధ్యలో వీరేశం భార్య ఫోన్ చేసింది. లైను పనుల వల్ల పొద్దుటి నుంచి కరెంటు లేదని, ఇన్వర్టర్ కూడా అయిపోవచ్చిందని చెప్పింది. సర్వర్ ఇంకా నడుస్తోందా అని అడిగి, నడుస్తోందని విన్నాక ఫోన్ పెట్టేశాడు. గురువు విన్నాడో లేదో తెలియలేదు.

వాళ్లు వెళ్లింది నర్సవ్వ ఇంటికి. ఆమె భర్త భూమయ్య గురువు సభల్లో తత్త్వాలు పాడేవాడు, నిరుడు పోయాడు. ఆమె మాత్రం ఎన్నడూ సభలకు రాలేదు గనుక వీరేశాన్ని ఎప్పుడూ చూడలేదు. వెంట వచ్చిందెవరో గురువు కూడా చెప్పలేదు. ఆమె వాకిట్లో నీడన కూర్చుని బీడీలు చుడుతోంది. చాటకు ఆనించిన ఫోన్‌లో భూమయ్య పాడుతున్నాడు. ఆ గొంతు వింటూ ఆమె వేళ్లు వాటంతట అవే ఆకు చుడుతున్నాయి. వాళ్లకు మంచినీళ్లిచ్చి మళ్లీ చాట ముందు కూర్చుందో లేదో, చరణం మధ్యలో పాట ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో వీరేశానికి తెలుసు. తల ఎత్తలేకపోయాడు. నర్సవ్వ ఫోన్‌ను ముట్టుకోలేదు, విసుక్కోనూ లేదు. చేతిలోని ఆకు చాటలో పెట్టి ఊరికే కూర్చుంది. ఏమైందని గురువు ఏమీ తెలియనట్టు అడిగాడు.

"ఏం లేదయ్యా. కరీంనగర్ల వీరేశమని ఒక పిలగాడున్నడట, ఈ పాటలన్ని వాళ్లింట్ల నుంచే వస్తయట. మా మనుమరాలు చెప్పింది. వాళ్లకు కరెంటు పోయినట్టున్నది. ఇంత ఎండల, ఇంట్ల సంటిపిల్లలున్నరో ఏమో, గాలి లేకుంటె ఎట్ల పండుకుంటరో."

వీరేశం ఇంట్లో నిజంగానే ఏడాది నిండని పాప ఉంది. పొద్దున్నుంచి ఆ పిల్ల సంగతి అతను ఒక్కసారి కూడా అడగలేదు. అది తలచుకుని సిగ్గుపడ్డాడు. ఆ పాటలను ఎన్నడూ ఆగని చోట పెట్టే వీలుందని, పెడితే బాగుంటుందా అని ఆమెను అడిగాడు.

"ఆగకుంటె అంతకన్న ఏం గావాలె బిడ్డా. ఆయన గొంతు నడుమల ఆగితె, పానం పోయిననాడు ఆగినట్టే అయితది నాకు. మల్ల వచ్చేదాక చెయ్యి ఆడది."

మరి ఇన్నాళ్లూ ఎవరితోనూ ఎందుకు అనలేదని గురువు అడిగాడు.

"ఆళ్లు ఉక్కకు సస్తుంటె, నా పాట ఆగిందని లొల్లి చేస్తనా అయ్యా?"

తానే ఆ వీరేశాన్నని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వాకిలి దాటగానే ఇంటికి ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగాడు. అతను ముందు ఆ మాట అడగడంతో భార్య కంగారుపడి, అంతా బాగేనా అని ఎదురు అడిగింది. పాప నిద్రపోయిందట, తను విసురుతూ కూర్చుందట. అది విన్నాక వీరేశానికి ఏడుపు ఆగలేదు. దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటూనే నడిచాడు.

"రేపే పంపిస్త గురువుగారూ. ఇంక ఆమెకు పాట ఆగది" అన్నాడు చివరికి.

గురువు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పంపు బిడ్డా. పాట ఆగది. పాట ఆగితెనే గద ఆమెకు మీ ఇంటి పిల్లలు యాదికొచ్చిన్రు. ఇగ నీ ఇంట్ల కరెంటు పోతె ఆమెకు ఎట్ల తెలుస్తది, అది సూసుకో."